మన్యపు ఠాణాలు - వాని కట్టడము, వాని మార్పులు

దేవాలయములను గూర్చియు, దుర్గములను గూర్చియు, తటాకములను గూర్చియు మన పరిశోధకులు వ్రాసిన వ్యాసములు పెక్కులు గలవు. రామప్పగుడి స్తంభములను లెక్కించినవారును, ఓరుగంటి కోటగోడల పొడవును కొలిచినవారును మనలో నున్నారు. అడవి నడుమ, బాటలు కలియు చోట, ప్రభుత్వము నిలిపిన చిన్న కట్టడములు మాత్రము పండితుల దృష్టికి రాలేదు. అటవీశాఖవారి రేంజి కచ్చేరి, బాటసారి యధికారులు దిగు బంగళా, పోలీసు ఠాణా - ఈ మూడును ఒక్క కుటుంబమునకు జెందిన కట్టడములు. వీనిలో శిల్పము లేదు, శాసనము లేదు. అయినను మన్యప్రజల నూఱేండ్ల చరిత్రలో ప్రధానఘట్టములు పెక్కు ఈ గోడలయొద్దనే జరిగినవి. అందుచే తూర్పుకనుమల మన్యమందలి ఠాణాలను ప్రధానముగ గైకొని, వాని నిర్మాణమును, కాలక్రమమున వానికి గలిగిన మార్పులను ఈ వ్యాసమున విచారించుచున్నాను.

మొదట మాటను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. ఊరి కావలివానికి మన భాషలో తలారి యని పేరు. నాగార్జునకొండయందలి ఇక్ష్వాకుల శాసనములలో 'మహాతలవర' యను బిరుదము గానవచ్చుచున్నది. తలారి శబ్దమునకు ఈ తలవర శబ్దమే మూలమని పండితులు చెప్పుదురు. ఒకనాడు రాజబంధువులు ధరించిన బిరుదము తుదకు ఊరి వాకిట కఱ్ఱపట్టి నిలుచు పేదవానికి మిగిలినది! ఠాణా యను మాట సంస్కృత 'స్థాన' శబ్దము హిందీభాషలో మాఱి మనకు వచ్చినది. అనగా నిలిచియుండు చోటు. తలారి మనుష్యుడు, ఠాణా కట్టడము. ఈ భేదము ఇక జెప్పబోవు చరిత్రకంతకును కీలకము. మనుష్యుడు కావలి కాచినంతకాలము అతడు ఊరివాడు, ఊరి ధాన్యము తినువాడు. కట్టడము కావలి కాయ నారంభించిన పిమ్మట కావలివాడు పరదేశి యయ్యెను. తెలంగాణమున అటవీశాఖను 'జంగ్లాతు' అనిరి. ఆ మాటలో అడవి యను నర్థమున్నను, పల్లెవాడు దానిని అధికారి యను నర్థముననే పలికెను.

కుంఫిణీ ప్రభుత్వము 1802లో దరోగాల పద్ధతిని మద్రాసు రాజధానిలో బ్రవేశపెట్టెను. అది నిలువలేదు. 1816లో మఱల గ్రామాధికారికిని, తాసీల్దారునకును రక్షణాధికారము నొసగిరి. ఈ రెండు పద్ధతులలోను ప్రత్యేకమైన కట్టడముతో బనిలేదు. చావడియే చాలెను. 1859వ సంవత్సరపు 24వ చట్టముచే జీతపు పోలీసుదళ మేర్పడి, విలియం రాబిన్సను దానికి మొదటి అధిపతి యయ్యెను. అప్పటినుండి ఠాణా అవసరమయ్యెను. కొలువుకాండ్రు నిలువవలె, వారి తుపాకులు భద్రముగ నుండవలె, పట్టినవానిని బంధింపవలె, జరిగినదెల్ల పుస్తకమున నెక్కవలె. అటవీశాఖ చరిత్రయు దాదాపు ఇట్టిదే. మద్రాసున 1856లో క్లెగ్‌హారను అడవుల కధికారిగ నియమింపబడెను. 1882లో మద్రాసు అడవిచట్టము వచ్చెను. 1878లో స్థాపింపబడిన డెహరాడూను పాఠశాలలో రేంజర్లకు శిక్షణ మొసగిరి. అడవికి హద్దురాళ్లు పడెను. పోడు వ్యవసాయము నేరమయ్యెను. హద్దు గాచువాడొకడు, హద్దు దాటినవానిని బంధించువాడొకడు. ఇరువురకును అడవిలో ఇండ్లు కావలసివచ్చెను.

ఇక కట్టడమును జూతము. ఈ కాలపు ప్రభుత్వభవనములలో అతి చిన్నవైన యీ కట్టడములకు ఒక సామాన్యరూపము గలదు. నేలనుండి రెండు మూడడుగు లెత్తైన అరుగు. దాని ముందు స్తంభములపై వాలిన వసారా. వసారా వెనుక నడిమి గది. ఠాణా యైనచో ఆ గదిలో వ్రాతగాని బల్ల, ఒక ప్రక్క ఇనుపకటకటాల చెఱగది, తుపాకులు నిలువబెట్టు కొయ్యచట్రము. బంగళా యైనచో పడకగదులు రెండు, స్నానపు గది, దూరముగ వంటయిల్లు. కొలువుకాండ్ర నివాసములు వేఱుగ ఒక వరుసలో నుండును. వీనికి 'లైను' లని పేరు. ఇంటిపెరడును, కోళ్లును, పిల్లలును ఉన్నచోటు అదియే. కట్టడమునకు కోటగోడ లేదు, బురుజు లేదు, కందకము లేదు. దాని బలమంతయు దాని వెనుకనున్న దూరపు సైన్యముపై నమ్మకమే.

ఇట్టి కట్టడమును మన్యపు పల్లెలో నిలిపినపుడు అది యెట్లు కానవచ్చెనో ఊహింపవలెను. కొండరెడ్ల యిల్లును, కోయల యిల్లును వెదురుతడికలతో నల్లి, మట్టి మెత్తి, అడవిగడ్డితో గప్పిన యిండ్లు. పోడు మాఱినపుడు ఇల్లును మాఱును. కట్టుటకు వలయునదంతయు అడవియే యిచ్చును. విప్పుటకు ఒక దినము చాలును. కొండరెడ్లను గూర్చి ఫ్యూరర్ హైమన్‌డార్ఫు 1945లో ప్రకటించిన గ్రంథమున ఈ జీవనమంతయు వర్ణితము. దీనికెదురుగ ఇటుక, సున్నము, పెంకు గల కట్టడము నిలిచెను. మంగుళూరు పెంకును బాసెలు మిషనువారు 1865లో జేయ నారంభించిరి. అంతకు బూర్వము గూనపెంకే గతి. బల్లపెంకుల కప్పు తేలిక, వానకు గట్టి, దూరము మోయుటకు వీలు. కాని కనుమ నెక్కించుటకు మోయువాడు కావలెను గదా! ఆ మోతయు, బాట వేయుటయు, తఱచుగ మన్యపువాని వెట్టియే. పెంకు ఎఱ్ఱగ మెఱయు ఆ కప్పును జూచినపుడెల్ల దానిని మోసిన భుజమునకు జ్ఞాపకము వచ్చుచుండెను.

ఠాణాకు మొదటి గొప్ప మార్పు నిప్పుచే గలిగెను. రంపసీమలో కల్లుపై బన్ను వేయుటయు, మన్సబుదారుని దుశ్చర్యలును, వర్తకుల వ్యాజ్యములును గూడి 1879 మార్చిలో పితూరీగా బరిణమించెను. చోడవరపు ఠాణా ముట్టడింపబడెను. అడ్డతీగల ఠాణాను ద్వారబంధాల చంద్రయ్య తగులబెట్టెను. ఏప్రిలులో గొలుగొండ కొండలకును, జులైలో భద్రాచలపు రేకపల్లి సీమకును పితూరీ వ్యాపించెను. రేకపల్లిలోను తొలిదెబ్బ వడ్డిగూడెపు ఠాణామీదనే పడెను. ఆ సీమ మధ్యరాష్ట్రములలో నున్నపుడు పోడునకు గొడ్డలి ఒక్కింటికి నాలుగణాలు పన్ను. 1874లో మద్రాసునకు జేరిన పిమ్మట అది ఇంచుమించు మూడింతలయ్యెను. కొన్ని అడవులలో పోడే నిషిద్ధమయ్యెను. పన్ను వేసినది మద్రాసులోని కచ్చేరి. కాని ఆ కచ్చేరి మన్యపువానికి కానరాదు. కానవచ్చినది ఠాణా. కావున గొడ్డలి ఠాణా ద్వారముపై బడెను. 1886లో గూడెపు ఠాణాపైని మఱల దాడి జరిగెను.

ఈ తేదీలను వరుసగ నుంచి చూచిన యెడల ఒక విషయము స్పష్టమగుచున్నది. 1922వ సంవత్సరపు దాడులను పలువురు అపూర్వఘటనలుగ వర్ణించుదురు. మన్యమున ఠాణాను గొట్టుట అప్పటికే రెండు తరముల ఆచారము. అపూర్వమైనది దాడి కాదు, దాడి జరిగిన తీరు. అంతకంటె వింత ప్రభుత్వముది. నలువదేండ్లలో ఇన్నిమాఱులు దెబ్బతినియు, ఆ చిన్న కట్టడములలో తుపాకులను, మందుగుండును అట్లే యుంచిరి. గోడ నెత్తలేదు, కావలి బెంచలేదు.

అల్లూరి సీతారామరాజు నాయకత్వమున 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు దోచుకొనబడెను. స్థలములను గమనింపుడు. కృష్ణదేవిపేట కొండల పాదమున నున్నది; మైదానమునుండి మన్యమున కెక్కువారికి గుమ్మము వంటిది. చింతపల్లి కనుమ నెక్కిన పిమ్మట పీఠభూమిపై నున్నది. నర్సీపట్టణమునుండి దానికి వేసిన బాటపైననే గూడెపు డిప్యూటీ తాసీల్దారు బాస్టియను చేయించిన వెట్టిచాకిరి పితూరీకి ముఖ్యకారణములలో నొకటి. భట్టిపనుకులలో పదవి గోల్పోయిన గాము గంటము దొర రాజునకు కుడిభుజమయ్యెను. రాజవొమ్మంగి పడమటి లోయలో నున్నది. మూడు దినములలో కొండపై, కొండక్రింద, లోయలో - మూడు భిన్నస్థలములలోని ఠాణాలు మూడును ఒకే విధముగ లొంగినవన్నచో దోషము కావలికాండ్రది కాదు, ఆ కట్టడపు టూహలోనే యున్నదని నాకు దోచుచున్నది. వసారాలోనికి నడచివచ్చిన వానిని ఆపు ద్వారము ఆ కట్టడమున లేదు. ఫిర్యాది చెప్పుకొనువాడు నిరాటంకముగ వచ్చుటకై కట్టినది గదా. ఫిర్యాది చెప్పుకొనువారివలెనే మన్యపువారును వచ్చిరి. వారు కోరిన పరిహారము వేఱు.

చింతపల్లిలో 11, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8 - వెరసి 26 తుపాకులును, 2,500లకు పైబడిన గుండ్లును రాజు వశమయ్యెను. చింతపల్లిలో తాము గైకొన్న వస్తువుల పట్టికను ఠాణా పుస్తకమున వ్రాసి రాజు సంతకము చేసెను. ఈ సంతకమును జనులు సాహసమునకు గుఱుతుగ జెప్పుకొందురు. చరిత్రకారునికి దీనిలో మఱియొక యర్థము గోచరించును. ఠాణాలో అన్నిటికంటె ముఖ్యమైన వస్తువు తుపాకి కాదు, పుస్తకము. ఎవడు వచ్చెను, ఏమి చెప్పెను, ఎవడు బంధింపబడెను అను విషయములు పుస్తకమున నెక్కిననే ప్రభుత్వమునకు సత్యము. వ్రాతగాని బల్లయొద్ద నిలుచుటకే వెఱచిన జనుల పక్షమున నొకడు ఆ బల్లయొద్ద గూర్చుండి, ఆ పుస్తకముననే తన చేతితో వ్రాసెను. రాజవొమ్మంగిలో బంధితుడైయున్న మొట్టాడం వీరయ్యదొరను విడిపించుటచే కట్టడపు మూడవ యంగమును తలక్రిందయ్యెను. ఆయుధచట్రము, పుస్తకము, చెఱగది - ఠాణాను ఠాణాగ జేయునవి యివి మూడే. మూడు దినములలో మూడును వ్యర్థములయ్యెను.

అటుపిమ్మట ప్రభుత్వము చేసిన మార్పు చిత్రమైనది. గోడలను బలపఱచుటకు బదులు, లోపలి ఆయుధములను దీసివేసిరి. అక్టోబరు 15న రాజు అడ్డతీగలకు, 19న రంపచోడవరమునకు వచ్చినపుడు ఆ ఠాణాలలో గొనిపోదగిన తుపాకులు లేకపోయెను. మిరపకాయల టపాచే ముందుగ దెలిపి వచ్చెనని జనశ్రుతి. కట్టడము నిలిచియే యుండెను. దాని ప్రాణము మాత్రము పట్టణమునకు దరలిపోయెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హేటరు అను అధికారు లిరువురు హతులైన పిమ్మట మన్యరక్షణ ఠాణాలనుండి దండువిడిదులకు మాఱెను. మలబారు ప్రత్యేక పోలీసులు, పిమ్మట అస్సాం రైఫిల్సు దళము వచ్చిరి. గుడారమే ఠాణా యయ్యెను. 1924 మే 7న కొయ్యూరు చెంత రాజు కాల్చి చంపబడెను. ఆయన సమాధి కృష్ణదేవిపేటలోనే యున్నది. తాను గెలిచిన ఠాణా గల యూరిలోనే వీరుడు సమాధి గాంచుట మన చరిత్రలో అరుదు.

తెలంగాణపు పాఠకులు దీనిని పరసీమ కథగ నెంచరాదు. దంతాలపల్లికి తూర్పున మహబూబాబాదు దాటినచో కొత్తగూడ, పాకాల అడవులు వచ్చును. గోదావరి దాటినచో రేకపల్లి సీమయే. నిజాము రాజ్యమునను అడవి హద్దులు, చౌకీలు, జంగ్లాతు కొలువుకాండ్రు ఇట్లే వచ్చిరి. 1940లో ఆదిలాబాదు జిల్లా జోడేఘాటులో కుమురం భీము మరణించిన పోరాటమునకు మూలము పోడుభూములనుండి గోండులను వెడలగొట్టుటయే. అటుపిమ్మటనే నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫును గోండుల స్థితిగతుల విచారణకు నియోగించెను. 1943లో మర్లవాయిలో గోండుభాషయందు ఉపాధ్యాయుల శిక్షణకేంద్ర మేర్పడెను. అడవిలో ప్రభుత్వము గట్టిన కట్టడములలో బడి యొకటి చేరుటకు ఇంత నెత్తురు కావలసివచ్చెను. 1355 ఫసలీలో, అనగా 1945లో, హైదరాబాదు అడవిచట్టము మఱల క్రొత్తగ వచ్చెను. చట్టము మాఱినను చౌకీ మాఱలేదు.

స్వాతంత్ర్యానంతరము మన్యపు ఠాణాలకు వచ్చిన మార్పులు మూడు విధములు. మొదటిది వాడుకవలన వచ్చినది: గూనపెంకు తీసి బల్లపెంకు, బల్లపెంకు తీసి సిమెంటురేకు లేక కాంక్రీటు కప్పు వేయుట, వసారాను గోడతో మూసి గదిగ జేయుట. ఇది మన దేశపు ప్రభుత్వభవనముల కన్నిటికిని పట్టిన గతి. వసారా మూయుట చిన్నపనిగ దోచును. కాని ఠాణాకు వచ్చినవాడు వాననుండి తలదాచుకొని నిలుచు చోటు అదియే. రెండవది భయమువలన వచ్చినది. మావోయిస్టుల ఉద్యమము మన్యమున వ్యాపించిన దశాబ్దములలో ఠాణాలచుట్టును ఎత్తైన ప్రహరీలు, ముండ్లతీగెలు, ఇసుకబస్తాలు, కావలిబురుజులు లేచెను. 1922లో లేని కోట తుదకు అప్పుడు వచ్చెను. అయినను 2018 సెప్టెంబరు 23న శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావు హతుడైనపుడు ఆగ్రహించిన జనులు డుంబ్రిగుడ ఠాణాకు నిప్పుపెట్టిరి. అడ్డతీగల ఠాణా కాలిన నాటికి ఇది 139 ఏండ్లకు జరిగినది.

మూడవ మార్పు ఇపుడు జరుగవలసినది. దానిని గూర్చియే ఈ వ్యాసము వ్రాయబూనితిని. 2022 జులై 4న భీమవరమున అల్లూరి 125వ జయంత్యుత్సవములు ఆరంభమైనవి. ఆ సందర్భమున పాండ్రంగిలోని ఆయన జన్మస్థలమును, చింతపల్లి ఠాణాను పునరుద్ధరింతుమని కేంద్రప్రభుత్వము ప్రకటించెను. ప్రభుత్వము తనను ఓడించినవాని గౌరవార్థము తన ఠాణానే స్మారకముగ జేయుట హర్షింపదగినదే. 1958వ సంవత్సరపు చట్టము నూఱేండ్లు నిండిన కట్టడమును ప్రాచీనస్మారకముగ గుర్తించుట కవకాశ మిచ్చుచున్నది. 1922నాటి ఏ కట్టడమైనను ఇప్పటికి ఆ యర్హత బొందినట్లే. కాని పునరుద్ధరణ మనగా నేమి? మన యనుభవమున ఈ మాటకు నల్లరాతి పలకలు, నిగనిగలాడు రంగులు, ఎత్తైన తోరణము, నిలువెత్తు విగ్రహము అను నర్థము స్థిరపడినది. వీరుడు గొప్పవాడు కనుక అతడు గెలిచిన చోటును గొప్పదై యుండవలెనని భక్తుల తలంపు. చరిత్ర దీనికి విరుద్ధము. ఆ ఠాణా చిన్నది, అరక్షితము. దానిని దుర్గముగ జేసి చూపినచో, నడచివచ్చి పుస్తకమున సంతకము చేసిన దృశ్యము బిడ్డల మనస్సులకు ఎన్నటికిని స్ఫురింపదు.

ఈ విషయమున పరదేశముల పద్ధతి కొంత యుపకరించును. అమెరికాలోని వయోమింగు రాష్ట్రమున షొషోనీ యడవిలో వాపిటి యను రేంజరు ఠాణా గలదు. 1903లో దుంగలతో గట్టిన చిన్న యిల్లది. ప్రభుత్వద్రవ్యముతో గట్టబడిన మొదటి రేంజరు ఠాణా యని ప్రసిద్ధి. అంతమాత్రముననే దానిని 1963లో జాతీయ చారిత్రకస్థలముగ బ్రకటించిరి. దుంగల యిల్లు దుంగల యిల్లుగనే నిలిచెను. అల్పత్వమే దాని చారిత్రకత. 1964లో వెనీసున సమావేశమైన నిపుణులు వెలువఱచిన నిబంధనలలో నొకటి మనకు మఱింత ముఖ్యము: ఒక కట్టడమునకు భిన్నకాలములలో జేరిన యోగ్యమైన భాగముల నన్నిటిని గౌరవింపవలెను, ఒక్క కాలపు రూపమునకై తక్కినవాని దుడిచివేయరాదు. దీనినిబట్టి చూడగా ముండ్లతీగెయు, మూసిన వసారాయు గూడ సాక్ష్యములే. అన్నిటిని పీకివేసి 1922నాటి రూపమును క్రొత్తగ గట్టినచో అది నాటకరంగమగును గాని ఠాణా కాదు. అట్లని అన్నిటిని ఉంచుటయు సాధ్యము కాదు. మూసిన వసారాను తెఱచుట యుక్తము. ఏలయన, ఆ దాడి వసారాగుండనే జరిగినది. తక్కిన మార్పులను తొలగించుటకు ముందు కొలిచి, చిత్రములు దీసి, ఏది యేనాటిదో వ్రాసియుంచవలెను. సున్నపు గోడకు సిమెంటు పూత కూడదు. సిమెంటు లోపలి తేమను వెలికి బోనీయదు. మన్యపు వానలలో గోడ లోలోపల జీర్ణించును.

చింతపల్లి ఒక్కదానినే బాగుచేసిన చాలదని నా యభిప్రాయము. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఒక్క కథలోని మూడు దినములు. అడ్డతీగల, రంపచోడవరము ఆ కథకు బూర్వమును, ఉత్తరమును. విద్యార్థులు కొండపాదమునుండి కనుమ నెక్కి చింతపల్లిని జూచి, లోయలోనికి దిగి రాజవొమ్మంగిని జేరినచో ఆ మూడు దినముల నడకయెంతో వారి కాళ్లకే తెలియును. ఆ త్రోవనున్న అటవీశాఖ బంగళాలను, పాత రేంజి కచ్చేరులను గూడ ఈ పట్టికలో జేర్పవలెను. రైతు గొడ్డలికి భయపడి గట్టినవి అవియే గనుక, వానిని విడిచి ఠాణాను మాత్రము చూపుట తీర్పును జూపి వ్యాజ్యమును దాచుట వంటిది. స్థానికపాఠశాలల పండితులు తమ విద్యార్థులతో నీ కట్టడముల పొడవు వెడల్పులను, గోడ మందమును, ఇటుక కొలతను, కప్పు రకమును కొలిపించి వ్రాయించిన యెడల పరిశోధకులకు మంచి సామగ్రి సమకూడును. ఇటుక కొలత చిన్నవిషయ మనుకొనరాదు. నిర్మాణకాలమును గుర్తించుటకు పెక్కుచోట్ల అదియే ఆధారము. కొలత తీయుటకు టేపు ఒకటి, కాగితము ఒకటి చాలును. కప్పులు మార్చు పని ఎక్కడ మొదలైనను, దానికి ముందే ఈ పని జరుగవలెను.